పెండ్లికి పెట్టి, బంతిలో తీసే పండ్లు

మొన్న మాఘమాసంలో మా అక్క బిడ్డ పెండ్లి అయింది, హన్మకొండలోనే. మా అవ్వ పొద్దున్నే పట్టుచీర కట్టి, తలకు నూనె రాసి, అన్నిటికంటే చివర బిస్కట్ల డబ్బాలోంచి పండ్ల సెట్టు తీసి నోట్లో పెట్టుకుంది. స్టేజీ ఎక్కి మనుమరాలి పక్కన నిలబడి ఫొటో దిగింది. ఆ తర్వాత భోజనాలకు కూర్చున్నాం. ఆకులో బగారన్నం, తునకల కూర పడంగనే అవ్వ ముఖం గోడ దిక్కు తిప్పింది. కొంగు అడ్డం పెట్టి, మీది సెట్టు, కింది సెట్టు రెండూ గుంజి, దస్తీలో చుట్టి బొడ్లో దోపుకుంది. మళ్లీ ఇటు తిరిగి, తునకలన్నీ ఏరి నా ఆకులో వేసి, బోసినోటితో తినడానికి అన్నం మెత్తగా పిసకడం మొదలుపెట్టింది.

"అదేందే అవ్వా, సరిగ్గ తినే యాళ్లకు తీస్తివి?"

"వీటితోని తినవస్తదార? ఫొటోలకైతే మంచిగుంటయి."

ఆ సెట్టుకు మేం పెట్టింది 6 వేలు. ఏడాదిలో అది డబ్బా దాటి బయటికి వచ్చింది మూడుసార్లు: ఒక తొట్టెల ఫంక్షన్, ఆధార్ ఫొటో, ఇదిగో ఈ పెండ్లి. సంక్రాంతికి నువ్వులు, ఓమ కలిపిన బియ్యప్పిండితో బట్ట మీద సకినాలు చుడితే మా ఊళ్లో అవ్వ చేతికే పేరు. కాని తను మాత్రం ఆకు, పోక దంచుకునే చిన్న ఇనుప రోట్లో సకినం వేసి నలిపి నోట్లో పోసుకుంటది, లేకుంటే ఛాయ్‌లో నానబెడతది. నోటినిండా పండ్లున్న రోజుల్లో మా ఇంట్లో గటక, పచ్చిపులుసు. ఇప్పుడు ఆదివారం ఆదివారం మటన్ తెస్తున్నాను, నమిలే పండ్లు లేవు. పండ్లున్న నాడు శనగల్లేవు, శనగలున్న నాడు పండ్లు లేవని పెద్దలు ఊరికే అన్లేదు. (మా దిక్కు చెట్టు మీదివీ పండ్లే, నోట్లోవీ పండ్లే. రాలేవే కదా రెండూ.)

నాకొక రోగం ఉంది, ఏదన్నా మనసులో గుచ్చుకుంటే దాని పుట్టుపూర్వోత్తరాలు తవ్వేదాకా ఊరుకోను. కట్టుడు పండ్ల చరిత్ర తవ్వుతుంటే తెలిసింది, బంతిలో పండ్లు తీసేసిన మొదటి మనిషి మా అవ్వ కాదని. 18వ శతాబ్దంలో యూరప్ దొరలు, దొరసానులు విందులకు కట్టుడు పండ్లతో పోయేవాళ్లు, తినే ముందు తీసి పక్కన పెట్టుకునేవాళ్లు. ఈ సంగతి అవ్వకు చెబితే "దొరసానులకు గూడ ఇదే తిప్పలేనా" అని కాసేపు సంబరపడింది.

వాళ్ల తిప్పలు చిన్నవి కావు. సెట్టు చెక్కేది నీటి ఏనుగు కోరతోనో ఏనుగు దంతంతోనో. చిగురుకు సరిగ్గా అతకదు, మీది సెట్టు జారి కింద పడుతుంది. ఆధునిక దంతవైద్యానికి ఆద్యుడని చెప్పుకునే ఫ్రెంచి వైద్యుడు పియర్ ఫోషార్ 1728లో అచ్చేసిన తన గ్రంథంలో దానికో ఉపాయం రాశాడు. మీది సెట్టును, కింది సెట్టును స్ప్రింగులతో కలపడం. ఆ స్ప్రింగులు మీది సెట్టును పైకి తంతూనే ఉంటాయి, కాబట్టి నోరు మూసి ఉంచాలంటే దవడ బిగబట్టుకుని కూర్చోవాలి. అమెరికా ఒక డాలర్ నోటు మీద జార్జి వాషింగ్టన్ బొమ్మ చూడండి. మూతి ఉబ్బి, పెదవులు బిగించి, ఎవరి మీదో అలిగినట్టు ఉంటాడు. అలక కాదది, లోపల సెట్టు. 1789లో ఆయన అధ్యక్షుడిగా ప్రమాణం చేసేనాటికి మిగిలిన సొంత పన్ను ఒక్కటే. ఆయనవి కర్ర పండ్లని ఇప్పటికీ చెప్పుకుంటారు గాని అది కట్టుకథ. ఆయన వాడిన సెట్లలో ఉన్నది నీటి ఏనుగు కోర, సీసం, బంగారు తీగ, ఇత్తడి మరలు, ఇంకా మనుషుల పండ్లు.

మనుషుల పండ్లంటే ఏ మనుషులవి? ఆయన ఎస్టేటు చిట్టాలో 1784 మే నెలలో ఒక పద్దు ఉంది, నల్ల బానిసల దగ్గర 9 పండ్లు కొన్నందుకు 122 షిల్లింగులు, ఫలానా ఫ్రెంచి దంతవైద్యుడి లెక్క కింద అని. అవి ఆయన నోటికే చేరాయా లేదా అన్నది ఆ పద్దులో లేదు. అదే ఫ్రెంచి వైద్యుడు ఆ కాలంలో పత్రికల్లో ప్రకటనలిచ్చేవాడు, ముందరి పన్ను అమ్మేవాళ్లకు పన్నుకు రెండు గినీలని. రెండు గినీలంటే 42 షిల్లింగులు. బానిసకు దక్కింది పదమూడున్నర. పన్ను ఒకటే, పీకితే నొప్పీ ఒకటే, ధర మాత్రం మూడో వంతు. అది కూడా బానిస వద్దంటే ఆగే బేరమా అని అడిగేవాడు లేడు.

లండన్‌లో అయితే ఇంకా మోటు పద్ధతి నడిచింది. బీదవాడి పన్ను పీకి, వేడి చల్లారక ముందే పక్క కుర్చీలో కూర్చున్న ధనవంతుడి చిగుట్లో గుచ్చి, పక్క పండ్లకు కట్టేసేవాళ్లు. జాన్ హంటర్ అంటే ఆ కాలంలో పేరుమోసిన శస్త్రవైద్యుడు. ఆయన చెప్పిన జాగ్రత్త ఏమిటంటే, ఒక్కరిని కాదు, నలుగురైదుగురిని పిలిచి సిద్ధంగా ఉంచుకోవాలి, ఒకరి పన్ను పట్టకపోతే ఇంకొకరిది పీకవచ్చని! పట్టని పన్ను తిరిగి ఎవరికి పెట్టేవాళ్లో మరి. 1787లో థామస్ రోలాండ్సన్ దీని మీద ఒక వ్యంగ్య చిత్రం గీశాడు. పొగగొట్టాలు ఊడ్చే పిల్లగాడి పన్ను పీకుతుంటే, సోకుల దొరసాని పక్కనే కాచుకుని ఉంటుంది, పన్ను పోయిన పిల్లలు బుగ్గ పట్టుకుని బయటికి పోతుంటారు. చిగుట్లో గుచ్చిన పన్ను కొంతకాలానికి ఊడేది, దాంతో ఒక్కోసారి వచ్చిన సుఖరోగం మాత్రం ఉండిపోయేది. 1815 జూన్ 18న వాటర్లూ యుద్ధం అయిపోయాక చచ్చిన సిపాయిల నోళ్లలోంచి పండ్లు పెరికి సంచుల కొద్దీ అమ్మారు. పడుచు పోరగాళ్ల గట్టి పండ్లు కదా. "వాటర్లూ పండ్లు" అన్న మాట ఆ తర్వాత చాలా ఏండ్లు వాడుకలో ఉంది.

నేను ఇంత విప్పి చెప్పేది దొరలను తిట్టడానికి కాదు. ఇంత క్రూరంగా సంపాదించిన పండ్లతో కూడా ఎవడూ హాయిగా ఒక ముద్ద నమలలేదు, అది నన్ను ఆపింది. అవి నవ్వడానికి, మాట తేలిపోకుండా ఉండడానికి, పెద్దమనిషిగా కనబడడానికి. ఇటలీలో రోమన్ల కంటే ముందున్న ఎట్రుస్కన్లు 2,600 ఏండ్ల కిందనే బంగారు పట్టీతో ముందరి పండ్లు కట్టుకున్నారు, అదీ సోకుకే. క్రీ.పూ. 450 ప్రాంతపు రోమన్ చట్టం శవంతో బంగారం పూడ్చొద్దన్నది, పండ్లకు కట్టిన బంగారానికి మాత్రం మినహాయింపునిచ్చింది. మన ఊళ్లలో ముందరి పన్నుకు బంగారు తొడుగు వేయించుకుని పక్కకు నవ్వే పటేళ్లను చిన్నప్పుడు చూశాను, అదీ ఆ వరసే.

ఇక్కడే నా తకరారు. పండ్ల సెట్టును మనం ఇప్పటికీ సోకు పద్దులో రాస్తున్నాం. అది రాయాల్సింది అన్నం పద్దులో. "ఈ వయసుల నాకు పండ్లెందుకురా, ఎవనికి సూపియ్య?" అని అవ్వ అన్నా, "ముసలామెకు ఇప్పుడెందుకు ఖర్చు" అని చుట్టాలు అన్నా దాని కింద ఉన్నది ఆ పద్దే. పండ్లు పోయిన ముసలోళ్ల పళ్లెంలో ముందు మాయమయ్యేది మాంసం, తర్వాత జామపండు, గుడాలు, పల్లీలు, జొన్నరొట్టె. మిగిలేది మెత్తటి అన్నం, చారు, ఛాయ్‌లో ముంచిన బిస్కట్. షుగర్ ఉన్న మనిషికి ఆ తిండి ఎట్లా ఉంటుందో వేరే చెప్పాల్నా? మనం దానికి "పెద్దతనం, ఆకలి మందగించింది" అని పేరు పెట్టుకుంటాం.

తినడానికే పండ్లు చేసినవాళ్లు లోకంలో లేకపోలేదు. జపాన్‌లో 1538లో చనిపోయిన ఒక బౌద్ధ సన్యాసిని వాడిన మీది సెట్టు ఇప్పటికీ ఉంది, అంతా ఒక్క కర్ర ముక్కలో చెక్కింది. మైనం నోట్లో పెట్టి అచ్చు తీసి, దాన్ని బట్టి గట్టి బాక్స్‌వుడ్ కర్ర చెక్కి, చిగురుకు రాసి రాసి సరిచేసేవాళ్లు. ఎంత అతికినట్టు ఉంటే అంత గట్టిగా పైదవడకు పట్టుకుంటుంది, మధ్యలో పలచటి ఉమ్మి పొర ఉంటే చాలు, స్ప్రింగు అక్కర్లేదు. ఫోషార్ స్ప్రింగులకు దాదాపు రెండు వందల ఏండ్ల ముందు సంగతి ఇది! తర్వాతి కాలపు సెట్లలో దవడ పండ్ల చోట లోహపు మేకులు దిగగొట్టారు, నమలడానికి. నిర్మల్ బొమ్మల పొనికి కర్ర మెత్తన కాబట్టి దీనికి పనికిరాదు గాని, మా దిక్కు చెయ్యి తిరిగిన వడ్లాయన కూడా ఇట్లాంటిది చేయగలిగేవాడే అనిపించింది నాకు. ఎవరూ అడగలేదు, అంతే.

పింగాణీ పండ్లు వచ్చింది పారిస్‌లో ఒక మందుల దుకాణం ఆయన వల్ల. పేరు దుషాతో. రోజంతా మందులు రుచి చూసి చూసి ఆయన దంతపు సెట్టుకు ఆ కంపంతా పట్టేదట, భరించలేక 1774 ప్రాంతంలో పింగాణీతో చేయించుకున్నాడు. కంపు పోయింది గాని, అవి పెళుసు, పైగా నోట్లో కప్పూ సాసరూ తగిలినట్టు చప్పుడు.

బీదవాడి నోటిదాకా సెట్టు వచ్చింది రబ్బరుతోనే. రబ్బరులో గంధకం కలిపి వేడిచేస్తే గట్టిపడుతుందని చార్లెస్ గుడ్‌ఇయర్ 1844లో పేటెంట్ తీసుకున్నాడు. అదే పద్ధతిలో ఇంకా గట్టిగా చేసిన దాన్ని వల్కనైట్ అన్నారు. నోటి అచ్చు మీద అదిమి వేడిచేస్తే అచ్చంగా చిగురుకు అతికే సెట్టు, అదీ చౌకగా. వెంటనే ఒక కంపెనీ దాని మీద పేటెంట్ చేజిక్కించుకుని, వాడిన ప్రతి దంతవైద్యుడూ కప్పం కట్టాలని కోర్టుల వెంట తిప్పింది. ఆ కంపెనీ ఖజానాదారు జోసయ్యా బేకన్ ఊరూరూ తిరిగి కేసులు వేసేవాడు. 1879లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఈస్టర్ ఆదివారం నాడు శామ్యూల్ చాల్ఫంట్ అనే దంతవైద్యుడు అతని హోటల్ గదికి పోయి కాల్చి చంపాడు. పండ్ల మీద కొట్టుకోవడం విన్నాం గాని పండ్ల కోసం తుపాకీ పేలడం ఇదే వినడం. రెండేండ్లకు, 1881లో, పేటెంట్ గడువు తీరిపోయింది. 1930ల చివర అక్రిలిక్ వచ్చి రబ్బరును పక్కకు తోసింది. ఇప్పటి గులాబి రంగు సెట్లు చాలామట్టుకు అదే.

చౌక సెట్టు వచ్చిన కాలంలోనే మత్తు కూడా వచ్చింది, 1844లో హోరస్ వెల్స్ నైట్రస్ ఆక్సైడ్ పీల్చి తన పన్నే పీకించుకున్నాడు, 1846లో ఈథర్. ఈ రెండూ కలిసేసరికి ఇంకో అనర్థం మొదలైంది. నొప్పి లేకుండా పీకవచ్చు, చౌకగా పెట్టవచ్చు, ఇంకా బాగు చేయడమెందుకు, అన్నీ పీకెయ్! బ్రిటన్‌లో 20వ శతాబ్దం మొదటి సగంలో కొన్నిచోట్ల పెండ్లికి ముందు పిల్లకు ఉన్న పండ్లన్నీ పీకించి సెట్టు పెట్టించేవాళ్లు, రేపు అల్లుడికి పంటి ఖర్చు ఉండొద్దని. మన దిక్కు కట్నం కింద బండి పెడతారు, వాళ్లు పండ్లు పెట్టారు.

దీన్ని నవ్వులాటగా రాశాను గాని మా ఇంట్లో జరిగిందీ అదే. అవ్వ 6 వేల సెట్టు కోసం ఒకచోటికి పోయినప్పుడు ఆమె కింది దవడలో ఇంకా నాలుగు పండ్లు ఉన్నాయి. రెండు ఊగుతున్నాయి, రెండు కోరపండ్లు మాత్రం గట్టివి. "ఇవుంటే సెట్టు కుదరదు, తీసేద్దాం, పీడ పోతది" అన్నారు. నేను తల ఊపాను. పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అన్నట్టు ఉండె నా తెలివి. వేరు ఉన్నంతకాలమే దాని చుట్టూ ఎముక నిలుస్తుంది, పన్ను పోతే ఎముక అరుగుతూనే ఉంటుంది, అందులో కింది దవడ మరీ తొందరగా అరుగుతుంది. కోరపన్నుకు అన్నిటికంటే పొడుగు వేరు. ఆ రెండింటిని కొసలు కోసి, వేర్లు అట్లే ఉంచి మీద సెట్టు కూర్చోబెట్టవచ్చని తర్వాత ఇంకో డాక్టరమ్మ చెప్పింది. చెప్పేనాటికి అవి డస్ట్‌బిన్‌లో పోయి ఏడాది. పాలపన్ను ఊడినప్పుడు అవ్వ మాకు పెండలో పెట్టి ఇంటి మీదికి విసిరించేది, కొత్త పన్ను రావాలని. ఆమె కోరపండ్లకు ఆ పాటి మర్యాద కూడా దక్కలేదు.

ఆ డాక్టరమ్మ దగ్గర రెండో సెట్టు చేయించాం. 18 వేలు. అవ్వకు మాత్రం 9 వేలని చెప్పాను, అసలు ధర చెబితే కుర్చీలో కూర్చుని నోరు తెరిచేది కాదు. ఐదుసార్లు పోయాం. మొదటిసారి గిన్నెలో పొడి, నీళ్లు కలిపి, ట్రేలో పోసి నోట్లో నొక్కారు, గడ్డపెరుగు లెక్క గట్టిపడ్డాక తీశారు. ఆ అచ్చులో తెల్ల ప్లాస్టర్ పోస్తే అవ్వ చిగురు బల్ల మీదికి వచ్చింది. "నా నోరు ఇంత సన్నగ అయిందా" అన్నది అవ్వ, దాన్ని చేతిలో పట్టుకుని తిప్పి చూస్తూ. తర్వాత మైనం దిమ్మెలు పెట్టి "మింగు", "పెదవులు మూయి", "యాభై అయిదు అను" అంటూ మీది దవడకూ కింది దవడకూ ఎంత ఎడం ఉండాలో కొలిచారు. మొదటిచోట అసలు ఈ పనే చేయలేదు, ఒక్క అచ్చు తీసి వారానికి సెట్టు చేతిలో పెట్టారు. నాలుగోసారి మైనంలో పండ్లు గుచ్చి నోట్లో పెట్టి అద్దం ఇచ్చారు. అవ్వ అద్దం చూడలేదు. బొడ్లోంచి పోకచెక్క తీసి కొరకబోయింది! డాక్టరమ్మ చెయ్యి పట్టి ఆపింది, మైనమమ్మా, విరుగుతదని.

సెట్టు వచ్చాక కూడా నెల రోజులు పట్టింది. ఒకచోట ఒరుసుకుని పుండయితే రెండుసార్లు పోయి గీకించాం. ఎంత మంచి సెట్టయినా సొంత పండ్ల బలంలో నాలుగో వంతు వస్తే గొప్ప. ముందరి పండ్లతో కొరకొద్దు, సెట్టు లేచి వస్తుంది, చిన్న ముక్కలు చేసి రెండు పక్కలా నమలాలి. ఇప్పుడు అవ్వ మెత్తగా ఉడికిన తునక తింటున్నది, రొట్టె తింటున్నది. సకినం ఇంకా ఛాయ్‌లోనే. సెట్టు బిస్కట్ల డబ్బాలో కాకుండా రాత్రి నీళ్ల గ్లాసులో పడుకుంటున్నది.

బ్రిటన్‌లో 1948 జూలై 5న అందరికీ ఉచిత వైద్యం మొదలైనప్పుడు జనం ఎగబడ్డది రెండింటి మీద, కళ్లద్దాలు, పండ్ల సెట్లు. 1951లో ప్రభుత్వం ఆ రెండింటికీ సగం ధర వసూలు చేస్తామంటే, ఆ వైద్య వ్యవస్థను కట్టిన అన్యూరిన్ బెవాన్ మంత్రి పదవికి రాజీనామా ఇచ్చాడు. పండ్ల సెట్టు కోసం ఒక మంత్రి కుర్చీ వదిలాడంటే మన దగ్గర ఎవరన్నా నమ్ముతారా? మనకూ ఆ రెండింట్లో సగం వచ్చింది. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో కంటి వెలుగు మొదలైంది. మొదటి విడతలోనే కోటిన్నర మందికి కళ్లు చూశారు. మా ఊరి బడిలో టెంటు వేసి అవ్వకూ అద్దాలిచ్చారు, ఆ అద్దాలతోనే ఇప్పుడు బియ్యంలో రాళ్లు ఏరుతుంది. అదే టెంటులో ఒక పండ్ల డాక్టరు, ఒక అచ్చు ట్రే ఉంటే ఏం పోయేది? కర్ణాటకలో దంత భాగ్య అని బీద వృద్ధులకు ఉచితంగా సెట్లిచ్చే పథకం పెట్టారు, కాబట్టి ఇది గొంతెమ్మ కోరిక కాదు. అద్దాలు ఒక్కరోజులో అయిపోతాయి, సెట్టుకు ఐదుసార్లు తిరగాలి, నిజమే. ఐదుసార్లు అయ్యే పని కాబట్టే ఊరి దగ్గరికి రావాలంటాను నేను. ఆసరా పింఛను నెలకు 2,016 రూపాయలు. అందులో బస్సు ఛార్జీలు పెట్టుకుని పట్నానికి ఐదుసార్లు ఏ ముసలామె తిరుగుతుంది?

కాజీపేట నుంచి హన్మకొండ చౌరస్తా దాకా ఇప్పుడెక్కడ చూసినా ఇంప్లాంట్ల బోర్డులే, అంటే పంటి వేరుకు బదులు దవడ ఎముకలో బిగించే లోహపు మరలు. దాన్ని నేను తక్కువ చేయను. స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే ఆయన 1952లో కుందేలు కాలి ఎముకలో టైటానియం గొట్టం పెట్టి, పరీక్ష అయ్యాక తీద్దామంటే అది ఎముకతో కలిసిపోయి రాలేదు. తన పని చెడిందనుకోకుండా ఆ అతుక్కోవడాన్నే పట్టుకున్నాడు. 1965లో మొదటి మనిషికి పెట్టాడు. ఆ మనిషి 2006లో చనిపోయేదాకా ఆ ఇంప్లాంట్లు ఆయన నోట్లోనే ఉన్నాయి. పండ్లన్నీ పోయిన కింది దవడకు రెండు ఇంప్లాంట్లు వేసి వాటి మీద సెట్టు బిగించడమే కనీస వైద్యం కావాలని 2002లో కెనడాలో మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో కూడిన నిపుణులు తేల్చారు. కనీసం! ఆ బోర్డుల మీద నవ్వేవాళ్లంతా పాతికేండ్ల పిల్లలు, ముప్పై రెండు పండ్లున్నవాళ్లు. మా అవ్వ వయసు మనిషి ఒక్కరన్నా జొన్నరొట్టె తింటున్న బొమ్మ ఒక్క బోర్డు మీదన్నా కనబడితే చూద్దామని తలెత్తి తిరుగుతున్నాను.

వైశాఖంలో అవ్వను ఊళ్లో దింపను పోయాను. తెల్లారి అరుగు మీద ఛాయ్ తాగుతుంటే ఎదురింటి పెద్దమ్మ వచ్చింది. అవ్వ ఈడుదే, నోట్లో ఒక్క పన్ను లేదు. కిటికీలో నీళ్ల గ్లాసు, అందులో సెట్టు కనబడ్డది.

"నాకు పడ్తయేమో పెట్టి సూడనా?"

అవ్వ గ్లాసు మీద అరచెయ్యి మూసింది. "ఒగల కొలత ఒగలకు రాదే. చెప్పులా ఏంది తొడిగి సూడనీకి."

పెద్దమ్మ ఏమనుకోలేదు. ఒంగి, వేళ్ల సందుల్లోంచి కాసేపు చూసింది. ఎన్ని రూపాయలని అడగలేదు.

"ఎన్ని పింఛన్లయినయే?"

"తొమ్మిది వేలు. నాలుగు పింఛన్లు, ఇంకింత మీద," అన్నది అవ్వ.

పెద్దమ్మ వేళ్లు మడుస్తూ లెక్కబెట్టుకున్నది. "ఇప్పటిసంది దాసుకుంటే బతుకమ్మ పండుగ కల్ల అయితయి గద," అని నా దిక్కు తిరిగింది. "అంతేనారా బిడ్డా?"

అవ్వ కూడా నా దిక్కే చూస్తున్నది.

"అంతే పెద్దమ్మ," అన్నాను.